దీపముండగానే విడిది: నేతర్‌హాట్ కొండలకు ఐదు రోజుల మోటారుసైకిలు యాత్ర

మన ఉద్యోగుల ఇళ్ళలో మోటారుసైకిలు లేని ఇల్లు అరుదు. డ్యూటీకి, బజారుకు, పిల్లల బడికి నిత్యం ఉపయోగపడే ఆ వాహనం మీదనే నాలుగైదు రోజులు కొండలు, అడవులు చూసి రావాలన్న కోరిక ఇటీవల మన యువ ఉద్యోగులలోనూ, ఉద్యోగుల పిల్లలలోనూ బాగా పెరిగింది. ఆ కోరిక వెలిబుచ్చగానే ఇంట్లో పెద్దలు ఆందోళన చెందడమూ సహజమే. కోరికా తప్పు కాదు, ఆందోళనా తప్పు కాదు. ఆ రెండింటికీ సంధి కుదర్చగలిగినది ఒక్కటే: కాగితం మీద సక్రమంగా వేసుకున్న ప్రణాళిక. జంషెడ్‌పూర్ నుండి నేతర్‌హాట్ వరకు వెళ్ళి వచ్చే ఐదు రోజుల యాత్రను ఉదాహరణగా తీసుకుని, అటువంటి ప్రణాళికను ఎలా రూపొందించుకోవాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు మెట్ల భూమి

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద వెలసిన జంషెడ్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తున ఉన్నది. రాంచీ పీఠభూమి సుమారు 650 మీటర్లు. దానికి పడమట లాతేహార్ జిల్లాలోని నేతర్‌హాట్ ఎత్తు సుమారు 1,100 మీటర్లు, అనగా మన అరకు లోయకంటె కొంచెం ఎక్కువ. ఈ విధంగా ఛోటానాగపూర్ భూభాగం మూడు మెట్లుగా అమరి ఉన్నది. పైమెట్టులోని బల్లపరుపు కొండలను స్థానికులు ‘పాట్’ అంటారు. వాటి నెత్తిన ఎర్రని జేగురురాయి, బాక్సైటు పొరలు ఉంటాయి.

మెట్టెక్కినకొద్దీ మూడు మార్పులు కలుగుతాయి. ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత దాదాపు 6 డిగ్రీలు తగ్గుతుంది. నేతర్‌హాట్ ఎత్తున గాలి సాంద్రత సుమారు పదో వంతు తగ్గుతుంది కనుక ఇంజను శక్తి కూడా ఇంచుమించు ఆ మేరకు తగ్గుతుంది. పాత కార్బురేటరు బండ్లలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో అందించే నేటి బండ్లు కొంతవరకు సర్దుకుంటాయి. ఇక మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: బాట మలుపులు తిరిగినకొద్దీ గంటకు సాగే దూరం తగ్గిపోతుంది.

ఎటువంటి బండి?

తారురోడ్డు మీదా, మట్టిబాట మీదా సమానంగా నడిచేటట్లు రూపొందించిన బండ్లను డ్యూయల్ స్పోర్ట్ బండ్లు అంటారు. మన దేశంలో హీరో ఇంపల్స్ 2011లోనూ, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లోనూ, హీరో ఎక్స్‌పల్స్ 200 బండి 2019లోనూ వచ్చాయి. హిమాలయన్, ఎక్స్‌పల్స్ బండ్లకు ముందు చక్రం 21 అంగుళాలు. నేలకూ బండి అడుగు భాగానికీ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. పెద్ద చక్రం గుంతలో దిగబడక దాటుకుపోతుంది. పొడవైన సస్పెన్షన్ రాళ్ళ దెబ్బను వెన్నెముకకు చేరనివ్వదు.

అయితే ఇటువంటి బండి లేనంత మాత్రాన యాత్ర మానుకోనక్కరలేదు. ఈ వ్యాసంలో చెప్పే బాటలో అధిక భాగం మామూలు 125 లేక 150 సి.సి. బండికి అందుబాటులోనిదే. పడిపోయిన బండిని ఒంటరిగా లేపి నిలబెట్టగలరా అన్నదే అసలు పరీక్ష. 155 కిలోల బండికీ, 195 కిలోల బండికీ గల వ్యత్యాసం ప్రకటనలో కనిపించదు; వాలులో బురద మీద కనిపిస్తుంది.

కిలోమీటర్లు కాదు, పగటి గంటలు

ప్రణాళిక వేసేవారు సాధారణంగా పటం ముందుంచుకుని కిలోమీటర్లు కూడుతారు. కొండల్లో కొలవవలసినది దూరాన్ని కాదు, వెలుతురును. మనం తూర్పు భారతంలో ఉన్నామన్న సంగతి మరువరాదు. డిసెంబరులో రాంచీ ప్రాంతంలో సూర్యోదయం సుమారు ఉదయం 6-15కు అయితే, సూర్యాస్తమయం సాయంత్రం 5 గంటలకే. అంటే మనకు దక్కే పగలు పదకొండు గంటలకు లోపే.

సగటు వేగాన్ని నిజాయితీగా అంచనా వేసుకోవాలి. నాలుగు వరుసల రహదారి మీద గంటకు 45 కి.మీ., మామూలు రోడ్డు మీద 35, ఘాట్ రోడ్డు మీద 25, మట్టిబాట మీద 15 నుండి 20 కి.మీ. అని లెక్క వేసుకోవడం క్షేమం. ఇంతకంటె వేగంగా పోగలమన్నది నిజమే. కాని ఇవి బండి వేగాలు కావు, బృందం వేగాలు.

ఈ లెక్కన జంషెడ్‌పూర్ నుండి నేతర్‌హాట్‌కు ఒకే రోజులో చేరుదామనుకుంటే ఏమవుతుందో చూద్దాం. రాంచీ వరకు సుమారు 130 కి.మీ.కు మూడు గంటలు. అక్కడినుండి సుమారు 156 కి.మీ.కు అయిదు గంటల పైచిలుకు. భోజనం, టీ, పెట్రోలు, విశ్రాంతికి రెండు గంటలు. మొత్తం పది గంటలు దాటింది. చేతిలో మిగిలింది ముప్పావు గంటకు మించదు. ఒక్క పంచరు పడితే ఆ కాస్తా హరించుకుపోతుంది. బృందం ఘాట్ ఎక్కేది చీకట్లో.

మన కర్మాగారాలలో ఏ క్రేనునూ దాని తాడు తెగే బరువు వరకు ఎత్తనివ్వము. భద్రతా గుణకం ఉంచుకుంటాము. పగటి వెలుతురుకూ అదే సూత్రం వర్తిస్తుంది. పగటిలో మూడింట రెండు వంతులు, అంటే ఏడు గంటలు మాత్రమే ప్రణాళికలో వాడుకోవాలి. మిగిలిన వంతు పంచరుకు, వర్షానికి, మూసిన రోడ్డుకు, ఒంట్లో నలతకు కేటాయించాలి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న పెద్దల మాటకు కొండల్లో అక్షరాలా ఇదే అర్థం.

చీకటి అంటే అంత జంకు ఎందుకన్న ప్రశ్నకు చిన్న గణితం సమాధానం చెబుతుంది. గంటకు 60 కి.మీ. వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. అడ్డంకిని చూసి బ్రేకు నొక్కేలోగా సెకనున్నర గడుస్తుంది. అప్పటికే 25 మీటర్లు పోయాము. ఆపైన మంచి పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 20 మీటర్లు, కంకర పరచిన బాట మీద 40 మీటర్లు పడుతుంది. మొత్తం మొదటిదానికి 45, రెండవదానికి 65 మీటర్లు. పల్లం దిగుతుంటే ఇంకా ఎక్కువ. మలుపులో మన దీపం చూపే మేర అంత ఉండదు. అదే వేగాన్ని 40 కి.మీ.కు తగ్గిస్తే కంకర మీద కూడా 35 మీటర్లలో ఆగవచ్చు. ‘నిదానమే ప్రధానం’ అన్న సామెత వెనుక ఇంత లెక్క ఉన్నది.

ఐదు రోజుల పథకం

మొదటి రోజు: జంషెడ్‌పూర్ నుండి రాంచీ. దారిలో తైమారా వద్ద పక్కకు మళ్ళితే కాంచీ నది మీద 44 మీటర్ల ఎత్తునుండి దూకే దశమ్ జలపాతం చూడవచ్చు. మధ్యాహ్నానికే రాంచీ చేరి, బండ్ల నట్లు, చెయిను సరిచూసుకోవాలి. మొదటి రోజు తక్కువ దూరం పెట్టుకోవడం బలహీనత కాదు. సామానుతో బండి ఎలా నడుస్తుందో శరీరానికి అలవాటు కావడానికి ఆ రోజు అవసరం.

రెండవ రోజు: రాంచీ నుండి లోహర్‌దగా, ఘాఘ్రా, బిషున్‌పూర్, బనారీల మీదుగా నేతర్‌హాట్. బనారీ దాటాక అసలు ఘాట్ మొదలవుతుంది. ఈ దారిలో బాక్సైటు లారీలు తిరుగుతుంటాయి. మలుపు ముందు హారను కొట్టడం, ఎడమ అంచును వదలకపోవడం తప్పనిసరి. ఇరుకైన ఘాట్‌లో ఎక్కుతున్న వాహనానికే దారి ఇవ్వాలన్నది చట్టం పెట్టిన నియమం. సాయంత్రం మాగ్నోలియా పాయింటు వద్ద సూర్యాస్తమయం చూడడం ఆనవాయితీ. సూర్యాస్తమయం చూసి తిరిగి రావడమంటే చీకట్లో రావడమే కదా! కనుక ఆ ఒక్కచోటికి మోటారుసైకిళ్ళను విడిదిలోనే ఉంచి, స్థానికంగా అద్దెకు దొరికే జీపులో అందరూ కలిసి వెళ్ళిరావడం ఉత్తమం. 1954లో నెలకొల్పిన సుప్రసిద్ధ నేతర్‌హాట్ ఆశ్రమ విద్యాలయం కూడా ఈ ఊళ్ళోనే ఉన్నది.

మూడవ రోజు: మహువాడాండ్ మీదుగా లోధ్ జలపాతం, తిరిగి నేతర్‌హాట్. సుమారు 143 మీటర్ల ఎత్తు గల ఈ జలపాతం జార్ఖండ్‌లోకెల్లా ఎత్తైనది. రానూ పోనూ దాదాపు 120 కి.మీ. యాత్ర మొత్తంలో డ్యూయల్ స్పోర్ట్ బండికి తగిన రోజు ఇదే. సామానంతా విడిదిలో దింపి, పనిముట్లు, నీరు, మందులు మాత్రమే వెంట తీసుకువెళ్ళాలి.

నాలుగవ రోజు: తెలిసిన దారినే రాంచీకి తిరుగు ప్రయాణం.

ఐదవ రోజు: రాంచీ నుండి ఖూంటీ, హిర్నీ జలపాతం, చక్రధర్‌పూర్, చాయిబాసాల మీదుగా జంషెడ్‌పూర్, సుమారు 210 కి.మీ. బిర్సా ముండా 1875లో జన్మించిన ఉలిహాతు ఖూంటీ జిల్లాలోనిదే. చక్రధర్‌పూర్‌లో రైల్వే ఉద్యోగరీత్యా తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. అయితే ఆ ఉదయం ఏ ఒక్కరైనా అలసటగా ఉందంటే ఈ చుట్టుదారి మాని, 130 కి.మీ. నేరు రహదారినే ఇంటికి రావాలి. చివరి రోజుకు ఎప్పుడూ ఒక దగ్గరి దారి సిద్ధంగా ఉండాలి.

మొత్తం యాత్ర సుమారు 800 కి.మీ. ఐదు రోజులకు ఇది తక్కువేనని యువకులకు అనిపించవచ్చు. ఆ తక్కువలోనే క్షేమం ఉన్నది.

తిరుగు గడియ

ప్రణాళికలోని ప్రాణప్రదమైన అంశం ఇది. మూడవ రోజునే తీసుకుందాం. ఉదయం 7-30కు బయలుదేరాము. సాయంత్రం 5 గంటలకు చీకటి. మధ్య ఉన్నవి తొమ్మిదిన్నర గంటలు. అందులో గంటన్నర ఆపద్ధర్మానికి తీసి పక్కన పెడితే మిగిలినవి ఎనిమిది. పోవడానికి ఎంత పట్టిందో రావడానికీ అంత పడుతుందనుకోవాలి. కనుక పోవడానికి ఉన్న హద్దు నాలుగు గంటలు. ఉదయం 11-30కు జలపాతం చేరకపోతే, అది ఎదురుగా రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నా సరే, బండ్లు వెనక్కి తిప్పవలసిందే. సజావుగా సాగితే పది గంటలకే చేరుతాము. అప్పుడు అక్కడ గంటన్నర తీరికగా గడపవచ్చు.

ఈ గడియను బాట మీద నిర్ణయించుకోలేము. గమ్యం దగ్గర పడినకొద్దీ మనసు లెక్క వినదు. ‘ఇంత దూరం వచ్చి’ అన్న మాట నాయకుడి నోరు కూడా మూయిస్తుంది. అందుకే దానిని ఇంటి దగ్గర, తీరికగా కూర్చుని, అందరి సమక్షంలో కాగితం మీద వ్రాయాలి. వ్రాసినదాన్ని అమలు జరిపే అధికారం ఒక్కరికే అప్పగించాలి.

పర్వతారోహకుల క్రమశిక్షణ కూడా ఇదే. జంషెడ్‌పూర్‌కు ఈ విద్యతో గాఢమైన అనుబంధం ఉన్నది. 1984 మే 23న ఎవరెస్టు నెక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ ఆపైన ఈ ఊరిలోనే టాటా స్టీల్ సాహస సంస్థకు సారథ్యం వహించి ఎందరికో శిక్షణ ఇచ్చారు. ఆమె ప్రోత్సాహంతో పర్వతారోహణ చేపట్టిన జంషెడ్‌పూర్ గృహిణి ప్రేమలతా అగర్వాల్ 2011లో, 48 ఏళ్ళ వయసులో ఎవరెస్టు చేరారు. శిఖరానికి బయలుదేరే ముందే ఏ వేళకు వెనుదిరగాలో నిర్ణయించుకోవడం పర్వతారోహణలో తొలి పాఠాలలో ఒకటి. శిఖరం మరుసటి సంవత్సరం కూడా అక్కడే ఉంటుంది.

బండి, బరువు, ఇంధనం

బయలుదేరే ముందురోజు సర్వీసింగు చేయించడం మన అలవాటు. యంత్రాలతో పనిచేసే మనకు తెలియనిది కాదు: ఓవర్‌హాలింగు అయిన యంత్రాన్ని ట్రయల్ రన్ లేకుండా ఉత్పత్తిలో పెట్టము. సర్వీసింగు కనీసం రెండు వారాల ముందు చేయించి, పూర్తి సామానుతో ఒక రోజు ఘాట్‌శిలా దాకా, అక్కడినుండి బురుడీ చెరువు దాకా నడిపి చూడాలి. వదులయ్యే నట్లు, రాసుకునే సంచులు, నొప్పి పుట్టించే సీటు ఆ రోజే బయటపడతాయి.

బరువు సంచులను వీలైనంత క్రిందుగా, సీటుకు దగ్గరగా, కుడిఎడమలకు సమంగా కట్టాలి. వెనుక క్యారియరు మీద బరువు పెరిగితే ముందు చక్రం తేలికపడి, ఎక్కుడులో హ్యాండిలు మాట వినదు. పనిముట్లలో ట్యూబు, గాలిపంపు, టైరు లీవర్లు, చెయిను లింకు, ఫ్యూజులు, క్లచ్చి, యాక్సిలరేటరు తీగలు ఉండాలి. అదనపు తీగలను పాత తీగల వెంబడే ముందుగా కట్టి ఉంచితే బాట మీద పది నిమిషాల్లో మార్చవచ్చు.

ఇంధనం లెక్క ఇది. లోహర్‌దగా నుండి నేతర్‌హాట్‌కు 80, లోధ్‌కు పోయిరావడం 120, తిరిగి లోహర్‌దగాకు 80. మొత్తం 280 కి.మీ. మధ్యలో బంకు దొరికితే మంచిదే, కాని దానిని లెక్కలో చేర్చరాదు. ఘాట్‌లో లీటరుకు 25 కి.మీ. అనుకుంటే 10 లీటర్ల ట్యాంకు 250 కి.మీ.కే ఖాళీ అవుతుంది. కనుక చిన్న ట్యాంకు బండ్లవారు అదనపు పెట్రోలు ఎక్కడ పోయించుకుంటారో ముందే విచారించి వ్రాసుకోవాలి.

పెట్రోలు ఆదా కోసం పల్లంలో ఇంజను ఆపి దిగే దురలవాటు కొందరిలో ఉన్నది. ఇది అత్యంత ప్రమాదకరం. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. అలా కాక బ్రేకుల మీదే ఆధారపడితే అవి వేడెక్కి, సరిగ్గా అవసరమైన మలుపు వద్దనే పట్టు తప్పుతాయి.

మనిషి, అడవి

బృందం నలుగురైదుగురికి మించరాదు. నాయకుడి వెనుక రెండవ స్థానంలో అందరికంటె నెమ్మదిగా నడిపేవారు, చివర అనుభవజ్ఞులు ఉండాలి. అప్పుడు వేగం దానంతటదే అదుపులో ఉంటుంది. ఏ కూడలి వద్దనైనా వెనుక బండి కంటబడేవరకు ముందు బండి కదలరాదు. రాత్రి షిఫ్టు ముగించుకుని నేరుగా యాత్రకు బయలుదేరరాదు. యాత్ర ముగిసిన మర్నాడే ఉదయం షిఫ్టుకు హాజరు కావలసి ఉంటే, చివరి రోజు ఆ తొందర బండి చక్రాలకు ఎక్కుతుంది. ఐదు రోజుల యాత్రకు ఆరు రోజుల సెలవు పెట్టుకోవాలి.

అక్టోబరు చివరినుండి ఫిబ్రవరి వరకు అనుకూల కాలం. వానాకాలంలో ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. ఏనుగులు బాట మీద కనిపిస్తే దూరంగానే ఆగి, హారను కొట్టక, ఫోటోలకు ఆశపడక, నిశ్శబ్దంగా వెనక్కి మళ్ళాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. కిరిబురు, మేఘాహాతుబురు ఇనుప గనుల చుట్టూ ఉన్న సారండా సాల వృక్షాల అడవి ఎంతో అందమైనది. 1960ల దశాబ్దంలో కిరిబురు ఖనిజం విశాఖపట్నం రేవు ద్వారానే జపానుకు వెళ్ళేది కనుక ఆ పేరు మన తెలుగువారిలో పలువురికి పరిచితమే. కాని ఆ అడవుల లోపల 2025లో కూడా మందుపాతరలు పేలాయి. అందుకే అక్కడి అడవిబాటలను ఈ పథకంలో చేర్చలేదు. ఎక్కడికి పోయినా ముందురోజు స్థానిక పోలీసులనూ, అటవీ సిబ్బందినీ విచారించి, వారు వద్దన్న బాట మానుకోవాలి.

ఇంట్లో ఉంచవలసిన కాగితం

ఇంతవరకు చెప్పినదంతా రెండు పేజీలలో వ్రాసి, ఒక ప్రతి ఇంట్లో ఉంచాలి. అందులో ప్రతి సభ్యుని పేరు, రక్తవర్గం, బండి నంబరు, ఇంటి ఫోను నంబరు ఉండాలి. ఏ రోజు ఏ దారి, ఏ విడిది, దాని ఫోను నంబరు, తిరుగు గడియ, ఇంటికి ఫోను చేసే వేళ ఉండాలి. కొండల్లో ఫోను సంకేతాలు అన్నిచోట్లా అందవు. కనుక ‘సాయంత్రం ఆరు గంటలకు విడిదినుండి ఫోను’ అన్న ఒక్క నియమమే పెట్టుకోవాలి.

ఫోను రాకపోతే ఇంట్లోవారు ఏమి చేయాలో కూడా అందులోనే ఉండాలి. ఎనిమిది గంటల వరకు వేచి చూడాలి. తరువాత విడిదికి ఫోను చేయాలి. బృందం అక్కడికి చేరలేదని తెలిస్తే 112కు ఫోను చేసి, ఆ రోజు దారిని కాగితం చూసి చదివి వినిపించాలి. వెతికేవారికి ఎక్కడ వెతకాలో తెలియడమే సగం సహాయం.

పిల్లల యాత్రకు అనుమతి ఇవ్వాలా వద్దా అని తల్లడిల్లే తల్లిదండ్రులకు ఒక్క మనవి. ‘వెళ్ళవద్దు’ అనడానికి ముందు ‘మీ కాగితం చూపించండి’ అని అడగండి. అందులో తిరుగు గడియ వ్రాసి ఉన్నదేమో చూడండి. లేకపోతే పక్కన కూర్చోబెట్టుకుని వ్రాయించండి. ఉంటే, ఐ.ఎస్.ఐ. ముద్ర గల హెల్మెట్టు పట్టీ బిగించి ఉన్నదో లేదో మరొక్కసారి చూసి, సంతోషంగా సాగనంపండి.